పద్నాలుగో ప్రశ్న

2081 నాటికి రాజమహేంద్రవరంలో యాభై దాటిన మగవాళ్ళు ఎదురుపడితే "బాగున్నావా?" అని అడగడం మానేసి, "ఈ నెల వేలు ఆనించావా?" అని అడగడం మొదలుపెట్టారు. సెలూన్ కుర్చీ చేతి మీద, టిఫిన్ సెంటర్ బల్ల అంచున, గోదావరి మీద తిరిగే బస్సుపడవ కిటికీ పక్కన, ఎక్కడ చూసినా తమలపాకంత నల్లటి పలక ఒకటి అతికించి ఉంటుంది. దాని మీద బొటనవేలు ఆనిస్తే చాలు. దోమ కుట్టినంత నొప్పి కూడా లేకుండా ఆవగింజంత రక్తం తీసుకుని, పక్కవాడికి వినపడకుండా చెవిలోనే మాట్లాడుతుంది. ఆ యంత్రం పేరు 'నిదానం'.

నిదానం చూసేది పౌరుష గ్రంథి సంగతి, అదే ప్రోస్టేట్. మూత్రాశయం కింద అణిగిమణిగి పడుండే చిన్న గ్రంథి. వయసు మళ్ళేకొద్దీ ఉసిరికాయంతది నిమ్మకాయంత అవుతుంది, కొందరికి బత్తాయంత కూడా అవుతుంది. అది రక్తంలోకి వదిలే ప్రోటీన్‌ని పీఎస్ఏ అంటారు. నిదానం తయారుచేసినవాళ్ళు దానికి 'గ్రంథి సూచిక' అని ముద్దుగా పేరు పెట్టుకున్నారు. సూచిక పెరిగిందంటే క్యాన్సర్ వచ్చేసిందని అర్థం కాదు. గ్రంథి ఊరికే లావెక్కినా పెరుగుతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది, గంటలకొద్దీ సైకిల్ తొక్కినా, ముందురోజు భార్యతో కలిసినా కాస్త పెరుగుతుంది. పెరిగిన నలుగుర్లో ముగ్గురికి క్యాన్సర్ ఉండనే ఉండదు. అయితే ఆ నాలుగోవాడు ఎవరన్నదే అసలు గొడవ.

పాతకాలంలో ల్యాబువాడిచ్చిన కాగితం మీద ఐదు అని కనబడగానే మనిషి నీరుగారిపోయేవాడు. రెండు అని కనబడితే ఇక నాకేమిటని జబ్బలు చరుచుకునేవాడు. ఇద్దరిదీ తొందరే. అందుకే నిదానం అంకె చెప్పదు. మూడే మాటలు చెబుతుంది. 'హాయి' అంటే ప్రస్తుతానికి చింత లేదు. 'మళ్ళీ' అంటే ఆరు వారాలాగి ఇంకోసారి వేలు ఆనించు, ఈలోపు ఇన్ఫెక్షన్ ఉంటే మందు వాడు, సైకిల్ మానెయ్. 'పద' అంటే నీ సూచిక నీ గడప దాటింది, ఎంఆర్ఐ స్కాన్ చేయించు, అందులో అనుమానం కనబడితే ముక్క పరీక్షకి, అదే బయాప్సీకి, వెళ్ళు. గడప అందరికీ ఒకటి కాదు. వయసును బట్టి, తండ్రికో అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చిందా అన్నదాన్ని బట్టి ఎవరి గడప వారిదే.

అసలు గొప్పతనం ఏమిటంటే, ఆ మూడింట్లో ఏదో ఒకటి చెప్పేముందు అది పంతొమ్మిది ప్రశ్నలు అడుగుతుంది. జవాబులు కలుపుకునే తీర్పు చెబుతుంది.

దీన్ని కనిపెట్టిన మనిషి డాక్టర్ వాడపల్లి రుత్విక్. 2021లో పుట్టిన పిల్లల్లో తరగతికి నలుగురు రుత్విక్‌లు ఉండేవారు, ఈయన వాళ్ళలో ఒకడు. వయసు అరవై. జుట్టు మాత్రం ముప్ఫైది. నల్లగా, ఒత్తుగా, నుదుటి మీద ఒక నొక్కుతో ఉండే ఆ జుట్టుని జిల్లాలో ఎరగనివాడు లేడు, ఎందుకంటే బస్టాండుల్లో, ఆసుపత్రుల్లో నిదానం పోస్టర్ల మీద ఉన్న బొమ్మ ఆయనదే. ఎవరైనా "ఏం జుట్టండీ బాబూ, మీ రహస్యమేమిటి?" అంటే, "అమ్మ చిన్నప్పుడు రాసిన కొబ్బరినూనె" అనేవాడు. అబ్బే, కొబ్బరినూనె కాదు, నా మొహం కాదు. ఎనిమిదేళ్ళుగా రోజూ పొద్దున్నే కాఫీకి ముందు మింగుతున్న జుట్టు మాత్ర అది.

ఆ మాత్రలో ఉండే మందుకి జుట్టు నిలబెట్టే గుణంతో పాటు ఇంకో గుణం ఉంది. ఆర్నెల్లో ఏడాదో వాడేసరికి సూచికని సగానికి సగం తగ్గించేస్తుంది. గ్రంథిలో ఏమున్నా అంకె మాత్రం సగమే కనబడుతుంది. కాబట్టి ఆ మాత్ర వేసుకునేవాడి సూచికని రెండింతలు చేసి చూడాలి. ఇది కొత్త సంగతేమీ కాదు. రుత్విక్ తన చేత్తో పద్నాలుగో ప్రశ్నగా రాసుకున్నాడు: "జుట్టు రాలకుండా మాత్రలు ఏమైనా వాడుతున్నారా?"

తను రాసిన ఆ ప్రశ్నకి తనే నాలుగేళ్ళుగా నెలనెలా "లేదు" అని చెబుతున్నాడు.

ఆ శుక్రవారం పొద్దున పరిశోధనాలయంలో తన గదిలో కూర్చుని వేలు ఆనించాడు. మామూలు జనానికి కనబడని అంకె ఆయనకీ, ఆయన సహాయ శాస్త్రవేత్త మెహరీన్‌కీ మాత్రం తెర మీద కనబడుతుంది, చెవిలోనూ వినబడుతుంది. ఏడాదిన్నర కింద ఒకటి పాయింట్ ఏడు. తర్వాత ఒకటి తొమ్మిది, రెండు రెండు, రెండు ఆరు. ఇవాళ మూడు పాయింట్ ఒకటి.

"గీత లేస్తోంది," అంది నిదానం చెవిలో. "ఈ మధ్య సైకిల్ తొక్కారా?"

"తొక్కాను," అన్నాడు రుత్విక్. ఆయన సైకిల్ ఎక్కి పాతికేళ్ళయింది.

"జుట్టు మాత్రలు?"

"లేదు."

"అయితే 'మళ్ళీ'. ఆరు వారాలు సైకిల్ మానెయ్యండి. మీ గడప మూడున్నర, ఇంకా దాటలేదు. కంగారుపడకండి."

కంగారుపడకుండా ఎలా ఉంటాడు? మూడు పాయింట్ ఒకటిని రెండుతో హెచ్చవేస్తే ఎంతో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. ఆరు పాయింట్ రెండు. గడప దాటడం కాదు, ఎప్పుడో దాటేసి ఇంటి మధ్యలో నిలబడింది.

లేచాడు. కిటికీ దగ్గరికెళ్ళాడు. గోదావరిని చూశాడు గాని ఏం చూశాడో తెలీదు. మళ్ళీ కూర్చున్నాడు. కాఫీ తెప్పించుకున్నాడు, తాగలేదు. అన్నయ్య ఆర్యన్ గుర్తొచ్చాడు. నడుంనొప్పి నడుంనొప్పి అంటూ రెండేళ్ళు నూనె మర్దనాలు చేయించుకున్నాడు, తీరా చూస్తే అది గ్రంథిలోంచి ఎముకల్లోకి పాకిన జబ్బు. "మగాడు బయటికి చెప్పుకునే రోగమా ఇది, ముందే ఎలా చెప్పమంటావు?" అన్నాడు ఆసుపత్రి మంచం మీద. అరవైమూడో ఏట పోయాడు. ఆ మాటకి ఒళ్ళు మండబట్టే రుత్విక్ ఈ యంత్రం తయారుచేశాడు. ముందుగా పట్టుకుంటే నూటికి తొంభై మంది నిక్షేపంలా బతికే జబ్బది.

మరి వెళ్ళి చూపించుకోవచ్చు కదా? వెళ్ళొచ్చు. ఏ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ముందు మందులేమిటని అడుగుతారు, ఆ జవాబు నిదానం చూసే చిట్టాలోకే చేరుతుంది. సోమవారం ఆరోగ్యశాఖ కమిటీ వస్తోంది, నిదానాన్ని అన్ని జిల్లాల్లోనూ పెట్టాలా వద్దా అని తేల్చడానికి. వాళ్ళ ముందు పెట్టబోయే నివేదికలో మొదటి వాక్యం రుత్విక్‌దే: 'మగవాళ్ళు డాక్టరుకి అబద్ధం చెబుతారు గాని యంత్రానికి చెప్పరు.' ఆ వాక్యం రాసినవాడే నాలుగేళ్ళుగా అబద్ధం చెప్పాడని తెలిస్తే కమిటీ మొహమ్మీదే నవ్వుతుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. కమిటీ భయం పైకి చెప్పుకునే భయం. లోపల అసలు భయం జుట్టుదే. ఈ నున్నటి నొక్కు వెనకాల ఓ డబ్బా మాత్రలున్నాయని ఆఫీసులో తెలిస్తే? ఇంట్లో తెలిస్తే? మాత్రలు ఆపేసి ఆర్నెల్లాగితే సూచిక దానంతటదే అసలు అంకెకి వస్తుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అన్న ఆలోచన కూడా వచ్చింది. ఆర్నెల్లు! లోపల ఏముందో తెలియకుండా ఆర్నెల్లు! ఛీ, ఇంత చదువూ చదివి నేను ఆలోచించేది ఇదా అని తనని తనే తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే చెయ్యి తలమీదికి పోయి నొక్కు సవరించింది.

పదిన్నరకి ఉండబట్టలేక మెహరీన్ గదికి వెళ్ళాడు. ఆమెకి ముప్ఫైనాలుగేళ్ళు. ఎనిమిదేళ్ళుగా ఆయన దగ్గరే పనిచేస్తోంది. నిదానం గొంతు, అది అడిగే తీరు, అంతా ఆమె మలిచిందే.

"మెహరీన్, ఊరికే అడుగుతున్నా. పద్నాలుగో ప్రశ్నకి అవునన్నవాళ్ళు ఎంతమందమ్మా?"

ఆమె తల ఎత్తి ఒక్క క్షణం ఆయన్నే చూసింది. తర్వాత తెరవైపు తిరిగి వేళ్ళు ఆడించింది. "లక్షా ఎనభై రెండు వేల మందిలో తొమ్మిది మంది సార్."

"తొమ్మిది వేలా?"

"తొమ్మిది మంది."

"అదేమిటి! జిల్లాలో జుట్టు మాత్రలు వాడేది తొమ్మిది మందేనా?"

"మందుల షాపుల లెక్క చూస్తే యాభై దాటినవాళ్ళే నెలకి నలభై వేల మంది కొంటున్నారు సార్." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నలభై వేల సూచికలు సగమే కనబడుతున్నాయి. అందులో ఎంతమందికి 'పద' అని చెప్పాల్సింది 'హాయి' అని చెప్పి పంపేశామో."

రుత్విక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తను ఒక్కడే దొంగ అనుకున్నాడు ఇంతసేపూ. ఊరంతా దొంగలేనని తెలిస్తే ధైర్యం రావాలి గదా, ఉన్నది కాస్తా పోయింది. ఆ నలభై వేల మందిలో ఎందరు అన్నయ్యలున్నారో!

"క్యాన్సర్ గురించి అడిగితే చెబుతారు, మూత్రం ఆగిపోతోందని చెబుతారు, ఆఖరికి భార్యతో ఎప్పుడు కలిసిందీ చెబుతారు. జుట్టు గురించి మాత్రం చచ్చినా చెప్పరా?" అన్నాడు. ఎవర్ని తిడుతున్నాడో ఆయనకే తెలియాలి.

"మన గురించి మనం చెప్పుకోం సార్. పక్కవాళ్ళ గురించి అడిగితే చెబుతాం," అంది మెహరీన్. "ప్రశ్న తిప్పి అడుగుదాం. 'మీ జుట్టు మాత్రల సంగతేమిటి' అని కాకుండా, 'మీకు తెలిసినవాళ్ళలో ఎవరు వాడుతున్నారనుకుంటున్నారు' అని. ఎవరు చెప్పారన్నది నిదానం ఎవరికీ చెప్పదు. ఇవాళ మన ఆఫీసులో చేసి చూద్దాం. నలభై మూడు మందిమి ఉన్నాం కదా."

"సరే, చెయ్యి," అన్నాడు.

పదకొండింటికి ప్రశ్న అందరి చెవుల్లోనూ పడింది. పావుగంటలో ఆఫీసంతా గుసగుసలు. పద్దుల గదిలో ఎవరో పకపకా నవ్వారు. అంతవరకూ కాళ్ళు నిలవక వసారాలో అటూ ఇటూ తిరుగుతున్న రుత్విక్, తన వంతు రాగానే గదిలోకెళ్ళి తలుపేసుకుని, ఒక్క నిమిషంలో నాలుగు పేర్లు చెప్పాడు. డైరెక్టరుగారు, పద్దుల ప్రద్యుమ్న, ల్యాబులో ఇద్దరు. చెబుతున్నంతసేపూ పొద్దుట్నించీ లేని హుషారు వచ్చింది. అయిపోయాక సిగ్గేసింది.

పన్నెండింటికి మెహరీన్ ఆయన గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఫలితాల తెర ఆయనవైపు తిప్పి, తను కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడింది.

చిట్టాలో మొదటి పేరు రుత్విక్. పక్కన అంకె నలభై ఒకటి. రెండో పేరు డైరెక్టరుగారు, ఆయనకి ఐదు.

మొదట అర్థం కాలేదు. మళ్ళీ చదివాడు. ఆఫీసులో తను కాక ఉన్నది నలభై ఇద్దరు. అందులో నలభై ఒక్క మంది, కాఫీ ఇచ్చే మనిషి దగ్గర్నించి డైరెక్టరు దాకా, ఒక్కొక్కరూ తన పేరు చెప్పారు. ఎనిమిదేళ్ళు! ఎనిమిదేళ్ళుగా మాత్రల డబ్బా మీద విటమిన్ల కాగితం అంటించుకుని, ప్రయాణాల్లో సాక్సులో దాచుకుని, కొబ్బరినూనె కథలు చెప్పుకుని తిరిగితే, ఇదా!

"నన్ను ఓసారి ఒంటరిగా వదిలెయ్యి మెహరీన్," అన్నాడు.

ఆమె వెళ్ళబోతూ ఆగింది. "పలక మీద వేలు ఆనించండి సార్. అది ఇంకోలా అడుగుతుంది. నేనే మార్చాను." తలుపు బయట నిలబడింది, వెళ్ళిపోలేదు.

వేలు ఆనించాడు, తీసేశాడు, చొక్కాకి తుడుచుకుని మళ్ళీ ఆనించాడు.

"మిమ్మల్ని ఏమీ చెప్పమని అడగను," అంది నిదానం. "మీ సూచికని రెండింతలు చేసి చూడాలనుకుంటున్నాను. వద్దనుకుంటే వేలు తీసెయ్యండి. తియ్యకపోతే అవునని అనుకుంటాను. పది అంకెలు లెక్కపెడతాను."

ఒకటి. రెండు. వేలు దానంతటదే పైకి లేవబోయింది. నాలుగు. అన్నయ్య మంచం పక్కన కూర్చున్న ఆసుపత్రి స్టూలు గుర్తొచ్చింది. ఆరు. సోమవారం కమిటీ. ఏడు. ఎడమచేత్తో కుడిచెయ్యి మణికట్టు గట్టిగా పట్టుకుని నొక్కిపెట్టాడు. పది.

"పద," అంది నిదానం. ఆ గొంతులో జాలీ లేదు, తొందరా లేదు. "ఆరు పాయింట్ రెండు. మీ గడప మూడున్నర. మీ అన్నగారికి వచ్చిన జబ్బు కాబట్టి ఆగొద్దు. రేపు పదింటికి స్కాన్ పెట్టాను. స్కాన్‌లో ఏమీ లేకపోవచ్చు కూడా. ఉంటే ముక్క పరీక్ష చేస్తారు. జబ్బే ఉందని తేలినా అందరికీ వెంటనే కోతపెట్టరు, కొందర్ని గమనిస్తూ ఊరుకుంటారు. అన్నీ తెలిశాకే నిర్ణయం."

ఇవన్నీ తను రాసిన మాటలే. ఇంతకాలం వేలమంది చెవుల్లో ఇవే మాటలు పోస్తూ, విన్నవాడికి ఎలా ఉంటుందన్నది ఒక్కనాడూ తట్టలేదు.

ఆ అవస్థలో కూడా ఒక చిన్న ఆశ మాత్రం చావలేదు, చూశారా. నలభై ఇద్దరిలో నలభై ఒకటి. అంటే ఒక్కళ్ళు, ఎవరో ఒక్కళ్ళు తన జుట్టు అసలుదేనని నమ్మారు! తలుపు తీసి మెహరీన్‌ని లోపలికి పిలిచాడు.

"ఆ ఒక్కళ్ళు ఎవరమ్మా? నా పేరు చెప్పనివాళ్ళు?"

"నేనే సార్."

ఆయన మొహం వెలిగింది. "నువ్వు నమ్మావన్నమాట."

"లేదు సార్." ఆమె కళ్ళు దించుకుంది. "మీరే చెబుతారని చూశాను."

చేతిలోని చిన్న తెర మీద ఒక గీత తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన గీతే. కాకపోతే ప్రతి అంకెనీ రెండింతలు చేసి గీసింది. మూడు నాలుగు, మూడు ఎనిమిది, నాలుగు నాలుగు, ఐదు రెండు, ఆరు రెండు. మూడు ఎనిమిది దగ్గర గడప దాటిన చోట ఎర్రచుక్క ఒకటి పెట్టి ఉంది. దాని కింద తేదీ. పద్నాలుగు నెలల కిందటిది.

రుత్విక్ ఆ చుక్కమీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. "పద్నాలుగు నెలలుగా నీకు తెలుసా?"

"తెలుసు సార్."

"మరి చెప్పవేం? నోరు లేదా నీకు? ప్రాణం మీదికి వచ్చిన సంగతి కదా!" అరిచాడు. ఇన్నేళ్ళలో ఆమె మీద గొంతెత్తడం అదే మొదలు.

"ఎలా చెప్పను సార్? పెద్దవారు. మీ తల గురించి నేను ఎలా అడగను? రోజూ అడుగుదామనే వచ్చేదాన్ని. మీరు అద్దం చూసుకుని నొక్కు సర్దుకునేవారు. మీరు నొచ్చుకుంటారని మొహమాటపడి వెనక్కి వెళ్ళిపోయేదాన్ని." ఆమె ఏడుస్తోంది. "ఆ ప్రశ్న తిప్పి అడిగించడం నెల కిందటే తయారుచేశాను. అది బయటపెట్టడానికి కూడా మీరు నోరు తెరిచేదాకా ఆగాను. తప్పు నాదే సార్."

అందరికీ తెలుసు. అందరూ మర్యాదస్తులే. ఆ మర్యాదకి పద్నాలుగు నెలలు పోయాయి. పంతొమ్మిది ప్రశ్నలు రాసినవాడికి ఈ ఒక్కటీ తట్టనే లేదు. అబద్ధం చెప్పేవాడి గురించి ఆలోచించాడు గాని, తెలిసీ తలవంచుకు తిరిగేవాళ్ళ గురించి ఆలోచించలేదు.

"ఏడవకు," అన్నాడు చివరికి. "సోమవారం కమిటీకి ఆ మొదటి వాక్యం కొట్టేసి నివేదిక ఇద్దాం. లక్షా ఎనభై రెండు వేల మందికీ ఇవాళే కొత్త ప్రశ్న పంపెయ్యి. నా కోసం ఆగొద్దు." ఆమె కళ్ళు తుడుచుకుని వెళ్ళింది.

ఇంటికి ఫోన్ చెయ్యాలి. రేపు పొద్దున స్కాన్‌కి తోడు రావాలంటే భార్య లాస్యకి చెప్పక తప్పదు. నంబరు నొక్కబోయి రెండుసార్లు ఆగిపోయాడు. గది ఈ మూలనుంచి ఆ మూలకి నాలుగుసార్లు తిరిగాడు. భయపడుతుంది, మెల్లగా చెప్పాలి, మాత్రల ఊసు ఇప్పుడే ఎత్తక్కర్లేదు, స్కాన్ అయ్యాక చూసుకోవచ్చు అనుకున్నాడు.

"ఏమిటండీ, ఈ వేళప్పుడు ఫోను?" అంది లాస్య.

"ఏం లేదులే. నిదానం 'పద' అంది. రేపు పదింటికి స్కాన్. నువ్వు కూడా వస్తావేమోనని."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడయింది. "సూచిక ఎంతట?"

"పెద్ద ఎక్కువేం కాదు. మూడు పాయింట్ ఒకటి."

లాస్య వెంటనే అంది.

"అంటే ఆరు పాయింట్ రెండన్నమాట."